మూత దగ్గర మనిషి

రేవు పోలీసు స్టేషను, పై అంతస్తు గది. సంఘటన జరిగిన పందొమ్మిదో రోజు. ఉదయం పది గంటల ఐదు నిమిషాలకు మొదలు. సాక్షి చెప్పినది చెప్పినట్టు రాయడమైనది.

నా పేరు, తండ్రి పేరు, ఇంటి చిరునామా మొదటి పుటలో రాసుకున్నారు. అవి సరిగానే ఉన్నాయి. వయసు నలభై ఏడు. ప్రయాణికుల ఓడలో పైపుల ఫిట్టరుగా పనిచేస్తున్నాను. ఓడ వారం కిందట వెళ్లిపోయింది, ఈ విచారణ కోసమని నన్ను ఈ రేవులోనే దింపారు. ఈ ఓడలో తొమ్మిదేళ్లు, అంతకుముందు సరుకుల ఓడల్లో పదేళ్లు చేశాను. కింది అంతస్తుల్లో పనిచేసేవాళ్లలో వయసులో నేనే పెద్ద కాబట్టి అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. అధికారులు కూడా అలాగే పిలుస్తారు.

చనిపోయినతను నా పక్కన మూడేళ్లుగా పనిచేస్తున్న ఫిట్టరు. వయసు ఇరవై ఎనిమిది. ఫిర్యాదు ఇచ్చినది అతని అన్న. అదే ఓడలో ప్రయాణికుల భోజనశాలలో వడ్డిస్తాడు. వయసు ముప్పై నాలుగు. ఓడలో వాళ్లిద్దర్నీ పెద్దోడు, చిన్నోడు అంటాం. తమ్ముణ్ణి ఈ పనిలోకి తీసుకొచ్చింది అన్నే. పెద్దోడు మితభాషి. చిన్నోడికి నోరు ఊరుకోదు. చెయ్యి కూడా అంతే. నాకు లొంగని బోల్టు అతనికి లొంగేది, లొంగాక దానితో కూడా నాలుగు మాటలు మాట్లాడేవాడు.

అన్నతో జరిగిన పెనుగులాట గురించి ఫిర్యాదులో నా మీద రెండు ఆరోపణలు ఉన్నాయని చదివి వినిపించారు. తమ్ముణ్ణి కాపాడటానికి ట్యాంకులోకి దిగబోతున్న అన్నని నేను అడ్డుకున్నానని ఒకటి. రెంచీతో మొహం మీద కొట్టానని ఇంకొకటి. మొదటిది నిజం. రెండోదాంట్లో కొట్టడం నిజం. రెంచీ కాదు, చెయ్యి.

ఆ రోజు ఓడ ఉదయం ఆరున్నరకి ఈ రేవుకు వచ్చింది. సాయంత్రం నాలుగింటికి మళ్లీ బయల్దేరాలి. ఎనిమిదీ పదికి కింద ఆఫీసులో రెండో ఇంజనీరు గారు పనులు పంచారు. ఓడ అడుగున నీళ్ల ట్యాంకులు ఉంటాయి. ఓడ ఒక పక్కకి ఒరగకుండా ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి నీళ్లు మారుస్తుంటారు. ఎడమవైపు మూడో ట్యాంకులో వాల్వు బిగుసుకుపోయింది. ఆ ట్యాంకు ఏడు నెలలుగా ఖాళీగా, మూత బిగించి ఉంది. ఎవరో ఒకరు లోపలికి దిగి ఆ వాల్వు విప్పాలి. దిగడం చిన్నోడి పని. పైన మూత దగ్గర కాపలా నా పని.

అలాంటి ట్యాంకు గురించి ఒక మాట చెప్పాలి. అందులో విషం ఏమీ ఉండదు. వాసన రాదు, పొగ ఉండదు. గోడలు ఇనుము. ఇనుము తుప్పు పట్టేటప్పుడు గాలిలో ఉండే ప్రాణవాయువును తీసేసుకుంటుంది. మూత వేసి నెలలు గడిస్తే లోపల మిగిలేది పీల్చడానికి గాలిలాగే ఉంటుంది, మనిషిని మాత్రం నిలబెట్టదు. నాలుగైదుసార్లు పీలిస్తే కాళ్లు పోతాయి. ఊపిరి ఆడనట్టు కూడా అనిపించదు. అందుకే ముందు బ్లోయరుతో గంటల తరబడి లోపలికి గాలి కొట్టాలి. తర్వాత మీటరు తాడుతో దించి పైన, మధ్యలో, అడుగున మూడుచోట్ల చూడాలి. ప్రాణవాయువు నూటికి ఇరవై పాయింట్ తొమ్మిది పాళ్లు చూపిస్తేనే దిగాలి. ఇది ఓడలో నేల తుడిచేవాళ్లకి కూడా చెప్తారు. నాకు తెలుసు. చిన్నోడికి తెలుసు. తెలియక జరిగింది కాదు.

దిగడానికి అనుమతి కాగితం ఉంటుంది. కార్బను పెట్టి రాస్తారు. తెల్ల కాగితం ఆఫీసు ఫైల్లో ఉంటుంది. దాని కింది పసుపు కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూత దగ్గర వేలాడదీస్తాం. ఆ ఉదయం ఆఫీసు బల్ల మీద ఆ కాగితం అప్పటికే నింపి ఉంది. గాలి ఆడించాం అన్నచోట టిక్కు. గాలి పరీక్షించాం అన్నచోట టిక్కు, పక్కనే ఇరవై పాయింట్ తొమ్మిది. తేదీ రాసిన పెన్నుతోనే అంకె కూడా వేశారు. కింద ఇంజనీరు గారి సంతకం ఉంది. పరీక్ష నా కళ్లముందు జరిగిందని నేను సంతకం పెట్టాల్సిన గడి ఒక్కటే ఖాళీగా ఉంది.

మీటరు ఓడలో లేదు. రిపేరుకని పదకొండు రోజుల కిందట ఒడ్డుకు పంపారు. దాని పెట్టె అలమరలో ఖాళీగా ఉంది.

"మీటరు వచ్చిందా సార్?" అని అడిగాను.

"పొద్దున్నే రావాల్సింది. ఏజెంటు ఇప్పుడేమో మధ్యాహ్నం అంటున్నాడు."

"మరి ఇందులో అంకె వేసుంది?"

"ఎప్పుడూ వచ్చే అంకే కదా బాబాయ్. గంటసేపు బ్లోయరు ఆడించండి, చాలు. పన్నెండులోగా ఆ వాల్వు తిరక్కపోతే నాలుగింటికి కదల్లేం. పైవాళ్లు నన్ను బతకనివ్వరు."

ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. అంతకుముందు రెండు రోజులు మంచినీళ్ల యంత్రం చెడిపోతే దాని దగ్గరే ఉన్నారు. చెడ్డవాడని నేను చెప్పను. నా చెయ్యి పట్టుకుని సంతకం పెట్టించలేదు. నేనే పెన్ను అడిగి తీసుకుని పెట్టాను. మీటరు లేని ఆ పదకొండు రోజుల్లో అలాంటి కాగితాల మీద అంతకుముందు రెండుసార్లు పెట్టాను. ఏమీ కాలేదు. ఏమీ కాలేదు కాబట్టే మూడోసారి కూడా పెట్టాను.

ట్యాంకుకు రెండు మూతలు ఉంటాయి, పది అడుగుల దూరంలో. ఎనిమిదీ యాభై ఆరుకి రెండూ తెరిచి, అవతలి దాంట్లోకి బ్లోయరు గొట్టం వేసి స్విచ్చి వేశాను. టైము గడియారం చూసి చెప్తున్నాను. కాపలా ఉన్నవాడు టైము రాసుకోవాలి కాబట్టి మూత దగ్గర సుద్దముక్కతో నేల మీద రాస్తాను. అది నా అలవాటు.

తొమ్మిదీ పద్దెనిమిదికి గోడ ఫోను మోగింది. పైనుంచి, అతిథుల సేవల వాళ్లు. ఆ ట్యాంకుకు సరిగ్గా మూడంతస్తుల పైన ప్రయాణికులు ఒళ్లు పట్టించుకునే గదులు ఉన్నాయి. పైపులు వెళ్లే సందులోంచి చప్పుడు పైకి పోతోందట. ఒకామె నిద్ర చెడిందని ఫిర్యాదు చేసిందట. వెంటనే ఆపమన్నారు. ఆపాను. ఆపి ఇంజనీరు గారికి ఫోను చేశాను.

"ఎంతసేపు ఆడింది?" అన్నారు.

"ఇరవై రెండు నిమిషాలు సార్."

"సరే, కానీయండి. జాగ్రత్త" అన్నారు.

చిన్నోడు ఈలోగా నడుముకు పట్టీలు బిగించుకుంటున్నాడు. "నన్ను కూడా ఒకరోజు ఆ గదుల్లో పడుకోబెడితే బాగుణ్ణు బాబాయ్" అన్నాడు. "నా నడుములోంచి వచ్చే చప్పుడుకి బ్లోయరే సిగ్గుపడాలి."

నేను నవ్వాను. మీటరు వచ్చేదాకా ఆగుదాం అని చెప్పానా అని మీరు అడిగారు. చెప్పలేదు. చెప్పినట్టు గుర్తు తెచ్చుకోవాలని చాలాసార్లు ప్రయత్నించాను. చెప్పలేదు. "తాడు తగిలించుకో" అని మాత్రం అన్నాను.

తొమ్మిదీ ముప్పై రెండుకి దిగాడు. ఇందాక ముప్పై అన్నాను, అది దిద్దండి. ముప్పై రెండు.

లోపల ఎనిమిది మెట్ల ఇనుప నిచ్చెన. అడుగున అడ్డగోడలు, వాటిలో మనిషి పాక్కుంటూ దూరేంత కంతలు. వాల్వు రెండో గోడకి అవతల ఉంది. తాడు రెండో కొస నా చేతిలో ఉంది. అతను మాట్లాడుతూనే ఉన్నాడు.

"బాబాయ్, ఇక్కడ నా గది కంటే శుభ్రంగా ఉంది."

"మాటలు తగ్గించు. చూసుకుని వెళ్లు."

"మీకేం, పైన కూర్చుని ఎన్నైనా చెప్తారు." తర్వాత, "తాడు కంతలో ఇరుక్కుంటోంది. విప్పుతున్నా" అన్నాడు.

"విప్పకురా" అన్నాను.

"ఇదిగో ఇక్కడే ఉంది వాల్వు, చెయ్యి చాపితే..." అన్నాడు. అంతే. చాపితే తర్వాత మాట లేదు.

టార్చి వెలుగు గోడ మీద కదులుతూ ఉండేది. అది ఆగింది. పేరు పెట్టి పిలిచాను. మూడుసార్లు పిలిచాను. తాడు లాగాను. తాడు తేలిగ్గా వచ్చింది. అంత తేలిగ్గా వస్తుందని అనుకోక గట్టిగా లాగాను, వెనక్కి కూర్చుండిపోయాను. చివర ఖాళీ కొక్కెం నా కాళ్ల దగ్గర పడింది.

తొమ్మిదీ ముప్పై ఆరు. చేతి రేడియోలో చెప్పాను. "ఎడమ మూడో ట్యాంకు. లోపల మనిషి పడిపోయాడు. గాలి సీసాలతో రండి." రెండుసార్లు చెప్పాను. అటునుంచి సరే అన్నారు. పరిగెత్తి బ్లోయరు స్విచ్చి వేశాను. మళ్లీ మూత దగ్గరికి వచ్చి బోర్లా పడుకుని చూశాను. మొదటి గోడ కంతలోంచి అతని బూట్లు కనిపిస్తున్నాయి, అడుగులు నా వైపు. ఎడమ బూటు లేసు ఊడి ఉంది.

ఇప్పుడు చెప్పబోయేది ఇంతకుముందు ఎవరికీ చెప్పలేదు. నేను కాళ్లు లోపల పెట్టాను. రెండు మెట్లు దిగాను. నడుము దాకా లోపల, తల బయట. ఎనిమిది మెట్లు, అడుగున ఆరడుగులు. ఊపిరి బిగబట్టి వెళ్లి కాళ్లు పట్టి లాగుదామని లెక్క వేసుకున్నాను.

ఎందుకు ఆగానంటే, సరుకుల ఓడలో ఉన్నప్పుడు ఇలాంటిది ఒకటి చూశాను. మొదటివాడు పని మీద దిగాడు. వాడు పడిపోయాడని రెండోవాడు దిగాడు. ఇద్దరూ పలకడం లేదని మూడోవాడు. ముగ్గురూ బలమైనవాళ్లే. ముగ్గురూ ఊపిరి బిగబట్టే దిగి ఉంటారు. మనిషిని ఎత్తాలంటే ఊపిరి వదలాలి, వదిలితే పీల్చాలి. ఆ ముగ్గుర్నీ పైకి లాగిన చేతుల్లో నావీ ఉన్నాయి. మూడోవాడి మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది. మొదటివాడి మొహం గుర్తులేదు. ఎందుకో తెలీదు.

అలా నడుము దాకా లోపల ఉండిపోయాను. దిగలేదు, బయటికీ రాలేదు. అప్పుడు పెద్దోడు వచ్చాడు. తొమ్మిదీ ముప్పై తొమ్మిది.

అతను ఏదో విని రాలేదు. ఓడ రేవులో ఉంటేనే ఫోను సిగ్నలు అందుతుంది. పొద్దుటి వడ్డన అయిపోయాక ఇంటికి వీడియో ఫోను చేసి, తమ్ముడితో కూడా మాట్లాడిద్దామని ఫోను పట్టుకుని కిందికి వచ్చాడు. తెల్ల కోటు, మెడకి నల్ల బో, చేతులకి తెల్ల గ్లౌజులు. నవ్వుతూ వస్తున్నాడు. "ఒరేయ్, అమ్మ లైన్లో ఉంది" అంటూ వస్తున్నాడు.

నన్ను చూశాడు. నేను ఉన్న తీరు చూశాడు. "వాడేడి?" అన్నాడు.

అతను వంగి నా పక్కనుంచి లోపలికి చూశాడు. ఫోను చేతిలోంచి జారి నేల మీద పడింది.

"లే బాబాయ్."

"వాళ్లు వస్తున్నారు. గాలి సీసాలతో వస్తున్నారు."

"లే అంటున్నానా!"

"లోపల గాలి లేదురా. దిగితే నువ్వూ పడతావు."

"వాడు నా తమ్ముడు. నీకేం తెలుసు. లే!"

నా చంకల కింద చేతులు వేసి లాగాడు. నాకంటే జానెడు ఎత్తు. నేను నిచ్చెన మెట్టుకి కాళ్లు మెలివేసి కూర్చున్నాను. వీపు మీద కొట్టాడు. ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు. నేను ఆ మూత కంతలో ఉన్నంతవరకు ఇంకో మనిషి దూరడానికి చోటు లేదు. నేను కూర్చోవడం వల్ల లోపలికి గాలి ఆగిందా అని మీరు అడిగారు. బ్లోయరు గొట్టం అవతలి మూతలో ఉంది. ఆ ప్రశ్న మీరు అడగకముందే నన్ను నేను అడుగుతున్నాను. ఓడ డాక్టరుని కూడా అడిగాను. తేడా ఏమీ ఉండదన్నారు. అయినా రాసుకోండి.

అతను నన్ను వదిలేసి అవతలి మూత వైపు పరిగెత్తాడు. గొట్టం పీకేసి దిగుదామని. అప్పుడు బయటికి వచ్చి వెనకాలే వెళ్లాను. గొట్టం సగం బయటికి లాగేశాడు, ఒక కాలు లోపల పెట్టాడు. కాలర్ పట్టుకుని ఇవతలికి లాగి, మొహం మీద కొట్టాను. పిడికిలితో, ఒకసారి. పెదవి చిట్లింది. రక్తం తెల్ల కోటు మీద పడింది. అతను వెల్లకిలా పడ్డాడు. నేను మీద పడుకున్నాను. పడుకునే ఒక చేత్తో గొట్టం మళ్లీ లోపలికి తోశాను.

నన్ను గీరాడు, కొరికాడు. తర్వాత బతిమాలాడు. "బాబాయ్, నీకు దణ్ణం పెడతాను, ఒక్కసారి వదులు. ఒక్కసారి చూసి వస్తాను." నేను వదల్లేదు. "నిన్ను కూడా మోయలేనురా" అని ఒక్కటే అంటూ ఉన్నాను. ఎన్నిసార్లు అన్నానో తెలీదు. అతను కొట్టడం నాకు నొప్పి అనిపించలేదు. బతిమాలడం మొదలుపెట్టాక మొహం పక్కకి తిప్పుకున్నాను.

ఫోను నేల మీద వెలుగుతూనే ఉంది. వాళ్లమ్మ గొంతు వినిపిస్తూనే ఉంది. "ఏమైందిరా? ఎవర్రా అది? పెద్దోడా, ఎందుకురా అరుస్తున్నావు?" ఆమెకి పైన పైపులు తప్ప ఏమీ కనిపించి ఉండవు. నేను చెయ్యి చాపి ఫోను అందుకున్నాను. "ఏం లేదమ్మా, పనిలో ఉన్నారు, తర్వాత చేస్తారు" అని చెప్పి కట్టేశాను. ఆ రోజు నేను చెప్పిన అబద్ధాల్లో అది రెండోది. మొదటిది కాగితం మీద పెట్టాను.

తొమ్మిదీ నలభై ఆరుకి నలుగురు వచ్చారు, వీపున గాలి సీసాలు, మొహాలకి ముసుగులు. వాళ్లు ఆలస్యం చేశారని నేను అనను. పరిగెత్తి వచ్చారు. ఇలాంటి ప్రమాదాలకని కసరత్తు చేయించే రోజుల్లో ఎనిమిది నిమిషాలు పట్టేది, ఆ రోజు పది పట్టింది. ఇద్దరు దిగారు. తొమ్మిదీ యాభై రెండుకి పైకి తెచ్చారు. ఓడ డాక్టరు గారు, నర్సు ఆ నేల మీదే గుండె నొక్కారు. పదీ ముప్పై అయిదుకి ఆపారు. అప్పటికి నేను పెద్దోణ్ణి వదిలేసి గోడకి ఆనుకుని ఉన్నాను. పెద్దోడు తమ్ముడి ఎడమ బూటు లేసు కట్టాడు. రెండు ముడులు వేశాడు. తర్వాత గ్లౌజులు తీసి జేబులో పెట్టుకున్నాడు.

అన్న దిగి ఉంటే తమ్ముడు బతికేవాడా అని అడిగారు. దిగి ఉంటే ఇవాళ మీరు ఇద్దరి గురించి అడిగేవారు. ఇది ఫిట్టరుగా నా జవాబు. పెద్దోడు కళ్లల్లోకి చూసి అడిగితే ఈ జవాబు నా నోటికి రాదు. తమ్ముడి దగ్గరికి వెళ్లే హక్కు అతనికి ఉంది. దాన్ని నేను చేత్తో ఆపాను. మళ్లీ అదే జరిగితే మళ్లీ ఆపుతాను. ఇందులో పశ్చాత్తాపం ఉందా అంటే లేదు. నిద్ర ఉందా అంటే అదీ లేదు.

అదే రోజు, అందరూ అతన్ని పైకి మోసుకుపోయాక, మూత దగ్గర నేనొక్కణ్ణే మిగిలాను. ప్లాస్టిక్ కవరు అలాగే వేలాడుతోంది. అందులోంచి పసుపు కాగితం తీసి జేబులో పెట్టుకున్నాను. ఎందుకు తీశానని అడిగారు. సాక్ష్యం కోసం కాదు. దాచడానికి. నా సంతకం ఉంది దాని మీద. చించి పారేద్దామనే తీశాను. రెండుసార్లు మరుగుదొడ్డి దాకా తీసుకెళ్లాను. చించలేకపోయాను. ఆ ఓడలో పైపులు బాగుచేసేది నేనే, ఏది వేస్తే ఎక్కడ తేలుతుందో నాకు తెలుసు. ఇది కూడా ఎక్కడో తేలుతుందని అనిపించింది. మళ్లీ తెచ్చి పరుపు కింద పెట్టుకున్నాను.

మూడో రోజు పెద్దోడు తమ్ముడితో ఇంటికి వెళ్లిపోయాడు. నాలుగో రోజు కంపెనీ భద్రతాధికారి ఓడ ఎక్కారు. సిబ్బంది భోజనశాలలో అందర్నీ కూర్చోబెట్టి నివేదిక చదివారు. ఫిట్టరు అనుమతి తీసుకోకుండా, పై అధికారికి తెలియజేయకుండా, సొంత నిర్ణయంతో ట్యాంకులో దిగాడని అందులో ఉంది. ఆ తేదీకి ఆఫీసు ఫైల్లో అనుమతి కాగితం ఏదీ లేదని చదివారు. తెల్ల కాగితం ఏమైందో నాకు తెలీదు. ఎవరు తీశారో చూడలేదు కాబట్టి ఎవరి పేరూ చెప్పను. రెండో ఇంజనీరు గారు వెనక వరసలో కూర్చున్నారు. నివేదిక అయ్యేదాకా తల ఎత్తలేదు.

చదవడం అయిపోయాక భద్రతాధికారి నన్ను పక్కకి పిలిచారు. "మీరు మూత దగ్గర చాలా గొప్ప పని చేశారు. రెండో ప్రాణం కాపాడారు. కంపెనీ తరఫున మెచ్చుకోలు ఉత్తరం ఇస్తున్నాం" అన్నారు.

"అతను చెప్పకుండా దిగలేదు సార్" అన్నాను.

"మీరు బాధలో ఉన్నారు. కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోండి. ఈ విషయం గురించి ఎక్కువ ఆలోచించకండి" అన్నారు.

ఉత్తరం తీసుకున్నాను. చెయ్యి కలిపారు, కలిపాను. ఆ ఉత్తరం మీకు ఇస్తున్నాను, అదిగో బల్ల మీద ఉంది. మంచి కాగితం. అందులో నా పేరు ఒక అక్షరం తప్పు.

ఓడ పన్నెండు రోజులకొకసారి ఈ రేవుకు వస్తుంది. పన్నెండో రోజు ఉదయం పెద్దోడు తమ్ముడి సామాను, తన సామాను తీసుకోవడానికి ఓడ ఎక్కాడు. పదకొండు గంటల వేళ నా గది తలుపు కొట్టాడు. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మంలోనే నిలబడ్డాడు. పెదవి మీద గాయం మానింది, గుర్తు ఉంది.

"నీతో మాట్లాడాలని రాలేదు బాబాయ్. ఒకటి అడిగి పోదామని వచ్చాను" అన్నాడు.

"అడుగు."

"అమ్మకి కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. వాడు ఎవరికీ చెప్పకుండా, అడక్కుండా దిగాడట. తప్పు వాడిదేనట. అమ్మ రోజూ అదే అడుగుతోంది. చెప్పకుండా పనులు చేసే అలవాటు వాడికి ఎప్పుడొచ్చిందిరా అని. నేనేం చెప్పను? నువ్వు అక్కడున్నావు. నిజమేనా?"

నేను పరుపు ఎత్తి కాగితం తీసి అతనికి ఇచ్చాను. గుమ్మంలో నిలబడే చదివాడు. నెమ్మదిగా చదివాడు. తేదీ, ట్యాంకు నంబరు, టిక్కులు, అంకె. కింద వేలు పెట్టాడు.

"ఇది నీ సంతకమే కదా."

"నాదే."

"మీటరు పెట్టి చూశారా?"

"లేదు. మీటరు ఓడలోనే లేదు."

"తెలిసే పెట్టావా?"

"తెలిసే పెట్టాను."

నడవలో ఎవరో బట్టల బండి తోసుకుంటూ వెళ్తే దారి ఇవ్వడానికి ఒక అడుగు లోపలికి వేశాడు. బండి పోయాక మళ్లీ బయటికి జరిగాడు.

"మరి నాకెందుకు ఇస్తున్నావు?" అన్నాడు.

"వాడు అడక్కుండా దిగలేదు. అమ్మకి చూపించు."

"నన్ను పట్టుకున్నందుకు నీ మీద ఫిర్యాదు రాసుకునే వచ్చాను. జేబులో ఉంది. దీనికి కూడా పెడతాను."

"పెట్టు."

కాగితం రెండు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. వెళ్లబోతూ ఆగి, "లోపల వాడికి బాధ తెలిసిందా బాబాయ్?" అని అడిగాడు. వాడికేం తెలీలేదురా, మాట మధ్యలోనే పోయాడు అని చెప్పాను. అది నిజం. తల ఊపి వెళ్లిపోయాడు.

ఫిర్యాదుకు జతచేసిన పసుపు కాగితాన్ని ఇప్పుడు నాకు చూపించారు. దాని మీద ఉన్న సంతకం నాదే. అది ఫిర్యాదుదారుకు ఎక్కడిది, ఓడలోంచి దొంగిలించాడా అని కంపెనీ వకీలు అడగమన్నారట. దొంగిలించలేదు. నేనే ఇచ్చాను.

ఇందులో రాసినది మొదటి నుంచి చివరి దాకా నాకు చదివి వినిపించారు. రెండుచోట్ల దిద్దించాను. నన్నెవరూ బెదిరించలేదు, ఆశ పెట్టలేదు. ఈ మాటలు నా మీదికే రావచ్చని అధికారి గారు రెండుసార్లు హెచ్చరించారు. అర్థమైంది. అర్థమయ్యే చెప్పాను. ఇది నా ఎరుకలో ఉన్న నిజం.

సంతకం: (చేశారు)
పైపుల ఫిట్టరు
మధ్యాహ్నం పన్నెండు గంటల నలభై నిమిషాలకు, నా ఎదుట: విచారణాధికారి.